గుమ్మం దగ్గర ప్రార్థన

మా ఇంట్లోంచి ఎవరూ ప్రార్థన చేయించుకోకుండా బయటికి వెళ్ళేవారు కాదు. ఆ కట్టడి నేను పెట్టిందే. నా భర్త గవరయ్య ఒకనాడు పొద్దున నాతో మాటామాటా పెరిగి, నేను ముఖం తిప్పుకుని ఉండగానే ఓడరేవులో డాక్ పనికి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికి గుండె ఆగి పోయాడు. అతన్ని సాగనంపిన మాట నా దగ్గర ఒక్కటీ లేదు. అప్పటినుంచి కూరగాయలకు వెళ్ళేవాళ్ళనైనా సరే గుమ్మంలో ఆపి, తలమీద చెయ్యి వేసి, ప్రభువుకు అప్పగించి పంపేదాన్ని.

కలకత్తా మెటియాబ్రుజ్‌లో మా సందులో పదకొండు తెలుగు కుటుంబాలు. అందరూ శ్రీకాకుళం వైపు నుంచి డాక్ పనికి వచ్చినవాళ్ళ సంతానమే. పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. నేనూ బడికి వెళ్ళినదాన్ని కాదు. నోటికి వచ్చిన పాటలను పాటల పుస్తకంలో వెతుక్కుని, అక్షరాల మీద వేలు పెట్టుకుంటూ నలభయ్యో ఏట చదవటం నేర్చుకున్నాను. అందుకని ప్రార్థన కూడికల్లో బైబిలు వాక్యం చదివేది నేనే, ప్రార్థన చేసేదీ నేనే. నా ప్రార్థన పొడుగని నా కొడుకు యోగేశ్ వేళాకోళం చేసేవాడు. దేవుడికి కూడా వేరే పనులుంటాయి కదమ్మా అనేవాడు.

2020 మే ఇరవయ్యో తేదీన ఆంఫన్ తుపాను వచ్చింది. లాక్‌డౌన్ రోజులు. యోగేశ్‌కు డాక్‌లో పని లేదు. కోడలు రమాకుమారి నాలుగు వీధుల అవతల దర్జీ కార్ఖానాలో మాస్కులు కుట్టేది. సాయంత్రం ఐదు దాటేసరికి ఇళ్ళ మీది రేకులు లేచిపోవటం మొదలైంది. భార్యను తీసుకొస్తానని యోగేశ్ లేచాడు. నేను గుమ్మంలో ఆపాను.

"తొరగా కానీయమ్మా" అన్నాడు.

నేను త్వరగా కానివ్వలేదు. భయం వేసినకొద్దీ నా ప్రార్థన పెరుగుతుంది. వాడు ఒక కాలికి చెప్పు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని, తల వంచి నిలబడ్డాడు. నేను ఆమెన్ అనగానే పరుగెత్తాడు.

సందు మలుపులో కృష్ణచూడ, మన తురాయి చెట్టే, వాడి మీద పడింది. ఎదురింటి పున్నమ్మ కిటికీలోంచి చూసింది. వాడు చెట్టు కిందికి రావటమూ అది ఒరగటమూ ఒక్కసారే జరిగాయని వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. ఒక్క నిమిషం ముందు వెళ్ళినా దాటేసేవాడని కూడా చెప్పింది. ఆ నిమిషం ఎక్కడ పోయిందో ఆమెకు తెలియదు. రమాకుమారి అప్పటికే తోటి పనివాళ్ళతో ఇంకో సందులోంచి తడుస్తూ ఇంటికి వస్తోంది.

సమాధికి ఐదుగురమే వెళ్ళాం. దేవుని సమయం వేరు, మన సమయం వేరు అని పాస్టరుగారు మాస్కులోంచి చెప్పారు. ఆ సమయంలో నా చెయ్యి ఉందని ఆయనకు ఎలా చెప్పను?

దేవుడు లేడని నాకు ఒక్కరోజూ అనిపించలేదు. అనిపిస్తే సులువుగా ఉండేదేమో. ఉన్నాడు. నేను మాట్లాడుతుంటే విన్నాడు. వింటూనే చెట్టును పడనిచ్చాడు. అటువంటి ఆయనతో మళ్ళీ ఏం మాట్లాడాలో తెలియలేదు.

కూడికలు తిరిగి మొదలయ్యాక వాక్యం చదివేదాన్ని. ప్రార్థన దగ్గరికి వచ్చేసరికి గొంతు బాగాలేదని పున్నమ్మకు అప్పగించేదాన్ని. రమాకుమారి పనికి బయలుదేరే వేళకు వెనక కుళాయి దగ్గర గిన్నెలు తోముతూ ఉండేదాన్ని. ఏడాది అలాగే గడిచింది. కార్ఖానా మూతపడితే ఆమె భవానీపూర్‌లో ఒక నర్సింగ్‌హోమ్‌లో ఆయాగా చేరింది.

మరుసటి మే నెలాఖరున ఇంకో తుపాను, యాస్. దానికి తోడు పౌర్ణమి పోటు. గంగ గట్టు దాటి సందుల్లోకి వస్తుందని మైకులో చెప్పి వెళ్ళారు. ఆ ఉదయమే రమాకుమారికి డ్యూటీ. కోవిడ్ రోగులు నిండిపోయారు, మూడు రోజులు అక్కడే ఉండాలి. తీసుకెళ్ళే బండి పెద్దరోడ్డు మీద ఆగి ఉంది. నేను కుళాయి వైపు తప్పుకోబోతే ఆమె నా కొంగు పట్టుకుంది.

"అత్తా, ఏడాదై సూత్తన్నాను. నాకు ప్రార్థన సెయ్యవేటి? నన్ను తేడానికెల్లి నీ కొడుకు పోనాడని నీ కడుపులో ఉన్నాది. ఔనా?"

ఆమె అలా అనుకుంటోందని నాకు ఇన్నాళ్ళూ తట్టలేదు. ఇక దాచలేకపోయాను. గుమ్మంలో ఆపిన సంగతి, ఒంటి చెప్పుతో నిలబెట్టిన సంగతి అంతా చెప్పాను. ఆమె కొంగు వదిలేసింది.

"ఎంతసేపు సేసినావు?"

సముద్రంలో చేపల వేటకెళ్ళినవాళ్ళ కోసం, రేవులో ఓడల కోసం, ఊళ్ళో చుట్టాల కోసం కూడా చేశానన్నాను.

"ఓడలోల్లకి కూడానా?"

"ఓడలోల్లకి కూడానే."

ఆమె మెట్టు మీద కూలబడింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననీ అనుకున్నాను. నేల చూస్తూ చెప్పింది. యోగేశ్ నాలుగింటికే వస్తానని ఫోన్ చేశాడట. పని మధ్యలో లేస్తే యజమాని రేపటినుంచి రావద్దంటాడని, ఐదు దాటాక రమ్మని తనే ఆపిందట.

"నీది నిమిషం. నాది గంట" అంది.

ఇద్దరం ఒకే గదిలో, ఒకే కుండలో అన్నం తింటూ, ఏడాదిపాటు ఒకరి నుంచి ఒకరం దాక్కున్నాం. పెద్దరోడ్డు మీద హారన్ మోగింది. ఆమె లేచి, ముఖం తుడుచుకుని, తల వంచింది.

"సెయ్యి. తొరగా సెయ్యి. ఓడలొద్దు."

తలమీద చెయ్యి వేశాను. పుస్తకం మాటలు ఒక్కటీ రాలేదు.

"ప్రభువా, రమాకుమారి ఎల్తంది. నువ్వూ ఎల్లు."

గాలి గురించి, నీళ్ళ గురించి, రోగం గురించి అడగాలని నాలుక మీదికి వస్తూనే ఉంది. పళ్ళు బిగబట్టాను. ఆమె ఆమెన్ అని, చీర ఎత్తిపట్టుకుని నీళ్ళలోకి దిగింది. అప్పటికే సందులో మడమ లోతు నీళ్ళున్నాయి.

ప్రభువు ఆమె వెంట వెళ్ళాడనే నమ్మాను. నమ్మకమంటే ధైర్యమని ఇదివరకు అనుకునేదాన్ని. ఆ రోజంతా మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని, గదిలోకి వస్తున్న నీళ్ళను చూస్తూ, వణుకుతూనే నమ్మాను.