పెరుగుదలకి వదిలిన గౌను

మామయ్య షాపులో స్కూలు యూనిఫారాలు తప్ప ఇంకోటి కుట్టరు. చొక్కా, నిక్కరు, గౌను, మళ్ళీ చొక్కా. పిల్లలు పెరుగుతారు కాబట్టి ప్రతి బట్టనీ వదులుగా కత్తిరించి, మిగిలింది లోపలికి మడిచి కుట్టడం అక్కడి చట్టం. దాన్ని షాపులో 'పెరుగుదల' అంటారు. ఒకడు ఒకటో క్లాసులో కుట్టించుకున్న నిక్కరు మడతలు విప్పుకుంటూ విప్పుకుంటూ చివరికి పెళ్ళిచూపులకి కూడా అదే వేసుకెళ్ళాడని చెప్పుకుంటారు. మామయ్య ఆ మాటని ఇంతవరకూ ఖండించలేదు.

ఆ షాపులో బొద్దు కాజాలు కుడుతుంది, అంచులు మడుస్తుంది. కుట్టు నేర్చుకోమని వాళ్ళమ్మ తీసుకొచ్చి అన్నగారి దగ్గర వదిలి వెళ్ళింది. బొద్దు అసలు పేరు ఓటరు కార్డులో ఉంది. అక్కడే ఉంటుంది, బయటికి రాదు. మనిషి బొద్దుగా ఉంటుంది కాబట్టి బొద్దు. మామయ్య కూతురు సన్నగా ఉంటుంది కాబట్టి పుల్ల. ఆ ఇంట్లో పేర్లు పెట్టడానికి ఎవరూ పెద్దగా బుర్ర ఖర్చు పెట్టలేదు.

ఎదురుగా ఉన్న సినిమా హాలువాళ్ళు ఒక బోర్డు పెట్టారు. పాత నలుపు తెలుపు సినిమా ఆదివారం మ్యాట్నీకి మళ్ళీ వేస్తున్నారు. ఆ సినిమాలో వాళ్ళలా తయారై వచ్చినవాళ్ళని ఇంటర్వెల్‌లో స్టేజీ మీద నడిపిస్తారు, బాగున్నవాళ్ళకి బహుమతి.

ఆ సినిమాలో ఒక సీను ఉంది. ఇల్లు దాటితే కాళ్ళు విరగ్గొడతానని తండ్రి హీరోయిన్‌కి చెప్తాడు. ఆ సాయంత్రం ఇంటి నిండా చుట్టాలున్నప్పుడు ఆవిడ ఏడు వరసల కుచ్చుల గౌను వేసుకుని మెట్లు దిగుతుంది. తండ్రి పిలుస్తాడు. మేనత్త పిలుస్తుంది. ఆవిడ ఎవరికీ జవాబు చెప్పదు, వెనక్కి చూడదు, వీధి తలుపు తీసుకుని వెళ్ళిపోతుంది. అంతే సీను. బొద్దు దాన్ని ఫోన్లో ఎన్నిసార్లు చూసిందంటే, ఫోను చేతిలోకి తీసుకుంటే చాలు, అడక్కుండానే అదే వేసేది.

బొద్దుకి ఆ గౌను కావాలి. కుట్టడం ఒక్కటే కాదు, వేసుకోవాలి. వేసుకుని, ఊరంతా చూస్తుండగా ఆ స్టేజీ మెట్లు దిగాలి.

"బట్ట ఎక్కడిదే?" అంది అత్త.

"ఆ పచ్చ తానులున్నాయిగా."

షాపు వెనక గదిలో బాటిల్ గ్రీన్ తానులు గోడలా పేర్చి ఉన్నాయి. ఒక స్కూలు చెప్పాపెట్టకుండా యూనిఫారం రంగు నీలానికి మార్చేసింది. అప్పట్నుంచీ అవి అక్కడే. ఎలుకలు ఒకసారి రుచి చూసి, మర్యాదగా వెళ్ళిపోయాయి.

"పచ్చ రంగులో కుచ్చులు. లోపల నువ్వు" అంది అత్త. కాసేపు ఊహించుకుంది. "క్యాబేజీ."

"గులాబీ రంగు" అంది మూల కుర్చీలోంచి అమ్మమ్మ. మామయ్య తల్లి ఆవిడ. "ఆ గౌను గులాబీ రంగు. నేను హాల్లో చూశాను."

"అది నలుపు తెలుపు సినిమా కదా అమ్మమ్మా."

"మిగతావాళ్ళకి" అంది అమ్మమ్మ.

మామయ్య కత్తెర కింద పెట్టాడు. ఆయన చివరిసారి ఎప్పుడు నవ్వాడో ఆ వీధిలో పెద్దవాళ్ళకి కూడా గుర్తులేదు. "కుట్టనీ. ఆ తానులు ఎలాగూ పోవట్లేదు. చెయ్యి తిరుగుతుంది" అన్నాడు.

"కుడితే కుట్టనీండి. వేసుకునేది మాత్రం మన పుల్ల" అంది అత్త. "అలాంటి గౌన్లకి నడుము ఉండాలి. ఇది వేసుకుని వెళ్తే షాపు పరువు పోతుంది. పుల్ల వేసుకునేట్టయితేనే తాను ముట్టుకో. ఏమే, వినబడిందా?"

బొద్దు సూదిలో దారం ఎక్కించుకుంటూ, "సరే అత్తా" అంది.

బొద్దు అంత తొందరగా సరే అందంటే అక్కడే అనుమానం రావాలి. ఎవరికీ రాలేదు.

మర్నాడు పుల్లని కటింగ్ బల్ల పక్కన నిలబెట్టి, అత్త చూస్తుండగా కొలతలు తీసింది. మామూలుగా కాదు. భుజం, చంక, నడుము, చెవి నుంచి మోచెయ్యి దాకా, మోకాలి చుట్టూ, మెడ వెనక పుట్టుమచ్చ నుంచి మడమ దాకా. పుల్ల ఒక చేత్తో ఫోను చూసుకుంటూ, ఎత్తమన్న చెయ్యి ఎత్తి, దించమన్న చెయ్యి దించింది.

"గౌనుకి చెవి కొలత ఎందుకే?" అంది.

"కాలర్ లేస్తుంది, చెవులకి తగలకూడదు."

"ఆ సినిమాలో కాలరే లేదుగా."

"అందుకే తగల్లేదు."

పుల్లకి సమాధానం నచ్చింది. మళ్ళీ ఫోన్లోకి వెళ్ళిపోయింది. అత్త తృప్తిగా టీ పెట్టుకోడానికి వెళ్ళింది. బొద్దు ఆ కొలతలన్నీ చక్కగా మర్చిపోయి, తలుపేసి, టేపు తన నడుం చుట్టూ తిప్పుకుంది. టేపు చివరిదాకా వచ్చింది. ఇంకా వస్తే బాగుండునన్నట్టు ఆగింది. బొద్దు సుద్దముక్క తీసుకుని బట్ట మీద గీత గీసింది. ఆ గీత నిటారుగా, ఏ మొహమాటమూ లేకుండా పడింది.

యూనిఫారం బట్టకి కుచ్చులు పెట్టడమంటే గోడకి మడత పెట్టడం. అందరూ చేసేట్టే వదులు కుట్టు వేసి దారం లాగింది. తెగింది. రెండు కుట్లు వేసి లాగింది. రెండూ తెగాయి. ఆ బట్ట పిల్లలు చెట్లెక్కినా, గోడలు దూకినా, ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని కొట్టుకున్నా తట్టుకోడానికి పుట్టింది. ముద్దుగా ముడుచుకోమంటే దానికి అవమానం.

చివరికి బొద్దు బొత్తాలు కుట్టే లావు దారం తీసుకుంది. దాన్ని బట్ట మీద పొడుగ్గా పరిచి, దానికి సూది తగలకుండా అటూ ఇటూ జిగ్‌జాగ్ కుట్టు వేసింది. ఇప్పుడు లావు దారం సొరంగంలో పాములా లోపల ఉంది. ఒక కొస గుండుసూదికి చుట్టి, రెండో కొస పట్టుకుని లాగింది. బట్ట మొరాయించింది. మళ్ళీ లాగింది. అప్పుడు బాటిల్ గ్రీన్ బట్ట తన జీవితంలో మొదటిసారి కుచ్చులుగా ముడుచుకుంది.

అది చూసి మామయ్య మిషన్ తొక్కడం ఆపాడు. మళ్ళీ తొక్కడం మొదలుపెట్టాడు.

ఒక్కో వరసకీ కింద అంచు కుట్టడం, పైన లాగడం, దాన్ని పై వరసకి అతికించడం. కింది వరసకి పట్టిన బట్టతో ఒక బుల్లి దేశానికి జెండాలన్నీ కుట్టొచ్చు, జాతీయ గీతం పాడేవాళ్ళకి తలో రుమాలూ ఇవ్వొచ్చు. మామూలు బట్టయితే కుచ్చులు వేలాడతాయి. ఇవి నిలబడ్డాయి. గౌనుని నేల మీద వదిలేస్తే తనంతట తాను నిలబడి గది మధ్యలో ఎవరికోసమో ఎదురుచూసేది. అమ్మమ్మ ఒకసారి దాన్ని చుట్టమనుకుని కూర్చోమంది.

ఆదివారం పొద్దున, షాపుకి రెండు వీధుల అవతలున్న ఇంట్లో ట్రయల్. పుల్ల తల మీంచి గౌను వేశారు. గౌను పుల్లని ఎక్కడా ముట్టుకోకుండా భుజాల మీంచి జారి, నడుం దాటి, నేల మీద నిలబడింది. మధ్యలో లోపలి లంగాతో పుల్ల, బావిలో పడ్డ మనిషిలా పైకి చూస్తోంది.

"ఏమిటే ఇది?" అంది అత్త.

"కొంచెం వదులైనట్టుంది" అంది బొద్దు.

"కొంచెమా? దీన్లో నా కూతురు కాపురం పెట్టొచ్చు."

"మన షాపు పద్ధతే కదత్తా. పెరుగుతుందని వదిలాను."

"దానికి ఇరవై రెండేళ్ళొచ్చాయే."

"అయితే ఏం? ఇవాళ్టి పిల్లలు ఎప్పుడు పెరుగుతారో చెప్పలేం."

పుల్ల నవ్వు ఆపుకోడానికి నోట్లో జడ పెట్టుకుంది. అత్త భర్త వైపు తిరిగింది. "చూస్తారేంటి, లోపలికి పట్టండి. మ్యాట్నీకి ఇంకా టైముంది."

మామయ్య కళ్ళజోడు పెట్టుకుని కిందకి వంగాడు. అంచు తిరగేశాడు. పక్క కుట్టు వేలితో తడిమాడు. నడుం పట్టీ తిప్పి చూశాడు. షాపు చట్టం ప్రకారం లోపల మడత ఉండాలి. లేదు. ఎక్కడా ఒక్క వేలెడు బట్ట అదనంగా వదల్లేదు. మెడలో ఉన్న టేపు తీసి గౌను నడుం కొలిచాడు. తర్వాత లేచి, బొద్దు వైపు చూశాడు. ఆయన చూపుతోనే కొలత చెప్పగలడని పేరు.

"ఇది పెరుగుదలకి వదిలింది కాదు" అన్నాడు.

"కాదు మామయ్యా."

"కొలత తప్పింది కూడా కాదు."

"కాదు."

"నీ కొలత."

"అవును."

అత్త సోఫాలో కూలబడింది. "నా కళ్ళ ముందు దానికి చెవుల దగ్గర్నుంచి కొలతలు తీశావు కదే."

"నా కొలతలని చెప్తే తాను ముట్టుకోనిచ్చేదానివా?"

"ఛస్తే ఇచ్చేదాన్ని కాదు."

"అందుకే చెప్పలేదు" అంది బొద్దు. గుండుసూదుల డబ్బాకి మూత పెట్టేసింది. "పుల్లకి ఆ సినిమా పేరు కూడా తెలీదు అత్తా. మెట్లు దిగాలని ఉన్నది నాకు. కుట్టింది నేను. ఇంకోళ్ళు దిగుతుంటే కింద నిలబడి అంచు సర్దడం నా వల్ల కాదు. ఏడు వరసలూ విప్పి సన్నం చేస్తావా, చెయ్యి. నేను మాత్రం ఒక్క కుట్టు కూడా విప్పను."

"నిజంగానే నాకు తెలీదమ్మా. పేరేంటి?" అంది పుల్ల బావిలోంచి.

"అందరూ నవ్వుతారే" అంది అత్త. ఈసారి గొంతులో వెటకారం లేదు. "నీ మొహం మీదే నవ్వుతారు. నువ్వు ఏడుస్తూ ఇంటికొస్తే నేను చూడలేను."

"నవ్వనీ. ఇంట్లో ప్రాక్టీసు బానే అయింది."

మామయ్య టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "ఈ షాపులో ఒకరి కొలతకి కుట్టింది ఇంకోళ్ళకి ఇవ్వలేదు. ఇప్పుడూ ఇవ్వను" అని, పుల్లకి చెయ్యందించి బయటికి లాగాడు. "ఎవరి కొలతో వాళ్ళు వేసుకోండి."

బొద్దు వేసుకుంది. హుక్కులు పుల్ల పెట్టింది. అన్నీ పడ్డాయి. గౌను గదిలో సగం ఆక్రమించింది, మిగతా సగంలో కుటుంబం సర్దుకుంది. వీధి తలుపు దగ్గర ముందు బొద్దు వచ్చింది, తర్వాత చాలాసేపు గౌను వస్తూనే ఉంది.

ఇంటర్వెల్‌లో హాలు మేనేజరు స్టేజీ మీద మైకు పట్టుకున్నాడు. అప్పటికి అతికించిన మీసాలతో ఓ నలుగురు తండ్రులు, టోపీతో ఒక విలన్ నడిచి వెళ్ళారు. బొద్దు స్టేజీ ఎక్కగానే మేనేజరు రెండడుగులు వెనక్కి వేశాడు. జాగా లేక.

"అమ్మా, మీరు ఎవరి వేషం?"

"హీరోయిన్."

"ఆ గౌను ఈ రంగా?"

"కాదని చూసినవాళ్ళుంటే చెప్పమనండి."

మూడో వరసలో అమ్మమ్మ లేవబోయింది. పుల్ల గట్టిగా పట్టుకుని కూర్చోబెట్టింది.

స్టేజీకి పక్కన మెట్లున్నాయి. బొద్దు మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. కుచ్చులు ఒకదాని మీద ఒకటి కదిలాయి, పిల్లలంతా ఒకేసారి బెంచీల మీంచి లేచినట్టు చప్పుడైంది. రెండో మెట్టు మీద ఉండగా వెనక వరసల్లోంచి ఎవడో అన్నాడు, "హీరోయిన్‌ని మింగేసి వచ్చిందిరోయ్."

హాలంతా నవ్వింది. బాల్కనీ కూడా. అత్త కళ్ళు మూసుకుంది.

సినిమాలో హీరోయిన్ వెనక్కి చూడదు, జవాబు చెప్పదు. ఆ సీను బొద్దుకి కంఠతా వచ్చు. బొద్దు ఆగింది. నవ్వు వచ్చిన వైపు తిరిగింది. తిరగడానికి కొంత టైము పట్టింది, గౌను కూడా తిరగాలి కాబట్టి. అందరూ ఓపిగ్గా ఎదురుచూశారు.

"ఎవరన్నారు?" అంది, మైకు లేకుండానే. "ముందుకి రా. తాను మిగిలింది. కొలత తీసుకుని నీకూ ఒకటి కుడతాను."

ఎవరూ రాలేదు.

"సిగ్గుపడకు. నడుం ఎంతున్నా పర్లేదు. నాకు కుచ్చులు పెట్టడం వచ్చు."

ఈసారి హాలు ఇంకోలా నవ్వింది. వెనక వరసలో ఒక కుర్చీ చుట్టూ అందరూ తలలు తిప్పి చూశారు, ఆ కుర్చీలో మనిషి మెల్లిగా కిందికి జారిపోయాడు. బొద్దు మిగతా మెట్లు తొందర లేకుండా దిగింది. అమ్మమ్మ చప్పట్లు మొదలుపెట్టింది. ఎందుకో తెలీకపోయినా మామయ్య లేచి నిలబడ్డాడు, తర్వాత ఎలా కూర్చోవాలో తెలీక అలాగే ఉండిపోయాడు.

బహుమతి మీసాలవాళ్ళలో ఒకడికి ఇచ్చారు. హీరోయిన్ ఇంత ఉండదని మేనేజరు మైకు పక్కకి పెట్టి ఎవరితోనో అంటుంటే బొద్దుకి వినబడింది. వినబడినట్టు ఆయన వైపు చూసి, ఒక చూపు ఆయన దగ్గరే వదిలి, బయటి తలుపు తోసుకుని ఎండలోకి వెళ్ళిపోయింది.

వెనక చెప్పుల చప్పుడు. అత్త.

"ఏమే, ఆగు. నేల మీద ఈడుస్తున్నావ్, దుమ్మంతా దానికే. ఇస్త్రీ ఎవరు చేస్తారనుకున్నావ్?" అని రొప్పుతూ వచ్చి, వెనక కుచ్చులు రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. "బహుమతి ఇవ్వలేదట, వాడి మొహం. ఇంత అంచు చేత్తో మడిచిందని వాడికేం తెలుసు. నడు నడు, ఇంటికి పోదాం. సందులోంచి వెళ్తే దగ్గర."

"దగ్గరే" అంది బొద్దు.

సందు కుడివైపు. బొద్దు ఎడమకి తిరిగి పెద్ద బజారులోకి నడిచింది. ఆదివారం సాయంత్రం, షాపులన్నీ తెరిచే ఉన్నాయి, రోడ్డు నిండా జనం. వెనక అత్త కుచ్చులు మోస్తూ, దారి తప్పు అని తిడుతూ, దారి ఇవ్వమని అందర్నీ గదమాయిస్తూ వస్తోంది.