ఫాల్ విప్పిన పూట

"ఇంక కొన్ని దినాలు గిట్లనే పెడితే ఆ చీరను ఎలుకలు కొరుకుతయే. లలితమ్మ మన మీదికి పోలీసోళ్లను తెస్తది."

నా మాటకు ఇందుజ నవ్వింది.

"ఎలుకలను పట్టుకపోతరా అమ్మా? ఇయ్యాల కుడుత. మ్యాచింగ్ దారం తెచ్చుకుంట. నువ్వైతే ముట్టకు. ఈ ఒక్కటి నా చేతులతోని అయితే, పని నాతోటి అయితదని నాకన్న నమ్మకం వస్తది."

కింది అంతస్తు లలితమ్మ, తన బిడ్డ ప్రసన్న నిశ్చితార్థానికి కొన్న పట్టుచీర అది. ఫాల్ కుట్టమని ఇందుజకిచ్చి నెల దాటింది. నిశ్చితార్థం ఈ ఆదివారమే.

ఇందుజకు ఏడీహెచ్‌డీ ఉందని డాక్టరమ్మ చెప్పింది. బద్ధకం కాదట. పని మొదలుపెట్టడమే దానికి కొండంత కష్టమట. "మీరు చేసిపెట్టకండి. మీ పని మీరు చేసుకుంటూ పక్కన కూర్చోండి, చాలు" అంది. నేను తల ఊపి వచ్చాను.

దారం కోసం ఉధ్నా బజారుకు పోయిన పిల్ల మధ్యాహ్నమైనా రాలేదు. ఆటో బోల్తా పడిందేమో అనుకున్నాను. ఫోన్ చేస్తే గాజుల దుకాణంలో ఉన్నానంది. ఇక కుట్టినట్టే అనుకున్నాను. లలితమ్మ మెట్లెక్కి వచ్చి నలుగురి ముందు నా బిడ్డను అనే మాటలు అప్పుడే నా చెవిన పడ్డట్టయింది. చీర తీసి, ఇంట్లో ఉన్న దారంతోనే ఫాల్ కుట్టేశాను.

ఇందుజ వచ్చింది. చీర అంచు తిప్పి చూసింది. తెచ్చిన దారం రీలు మంచం మీద పడేసింది.

"అయిపోయింది బిడ్డా. నువ్వే కుట్టినవని చెప్త."

"ఎవరికి చెప్తవ్? నాక్కూడ చెప్తవా?"

కింద చాప మీద గోడవైపు తిరిగి పడుకుంది.

ఏం చేశానో అప్పుడు తెలిసింది. రేపు లలితమ్మ అనబోయే మాటకు భయపడి, ఆ మాట నేనే ముందు అన్నాను, నోటితో కాదు, సూదితో. నీతో కాదని.

బ్లేడు తీసుకుని కుట్లు విప్పడం మొదలుపెట్టాను. పట్టు చిరిగితే ఏం గతి అనుకుంటూనే ఒక్కో కుట్టు తెంపాను. అంతా విప్పి, చీర మంచం మీద పరిచాను. నాకు కూలికి పనిచ్చే సేటు పంపిన చీరల మూట ముందు వేసుకుని, వేలాడే దారాలు కత్తిరించే నా పనికి కూర్చున్నాను.

"తప్పయింది బిడ్డా. నేను నీ పక్కన కూసోవాల్నా, పోవాల్నా?"

వీధిలో మగ్గాల చప్పుడు ఒక్కటే.

చాలాసేపటికి ఇందుజ లేచి వచ్చి సూదిలో దారం ఎక్కించింది. కొంత కుట్టి నీళ్లకు లేచింది. ఫోన్ చూసింది. కిటికీ దగ్గర నిలబడింది. సూది వేలిలో దిగుతుందని, పొద్దు గూకుతుందని, చీర మీద నీళ్లు పడతాయని నా నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగబట్టుకుని దారాలే కత్తిరించాను. మళ్లీ వచ్చి కూర్చుంది. మళ్లీ లేచింది. మళ్లీ కూర్చుంది.

లైటు వేసే వేళకు చివరి ముడి వేసి దారం తెంపింది. కుట్టు ఒకచోట కాస్త వంకర. అంచు మీద వేలు పెట్టి ఈ కొస నుంచి ఆ కొసదాకా తడుముకుంది. చీర మడతపెట్టి ఒళ్లో పెట్టుకుంది. నా వైపు చూడకుండానే అంది.

"రేపు గూడ కూసో అమ్మా. లోపల ఎంతన్న భయపడు, బయటికి మాత్రం అనకు."