అరికాళ్లకు అందిన పాట

దుకాణం నీలంకోటు ఒక చెయ్యి మోచేతి దాకా మడిచి, స్పీకర్ల జాలీల్లో ఇరుక్కున్న దుమ్మును బ్రష్‌తో దులిపి, ఒక్కొక్కదాన్నే వరసలో పెడుతున్నాడతను. ఇరవై ఆరేళ్లుగా ఆ దుకాణంలో కంప్యూటరు స్పీకర్ల కౌంటరు అతనిదే. బక్కపలచని మనిషి. మాటకు ముందు గొంతు సవరించుకునే అలవాటు. అందరూ ‘సౌండు మామయ్య’ అంటారు.

ఏడాదిగా ఆ సౌండు మామయ్యకే చెవులు సరిగా పనిచేయడం లేదు. వచ్చినవాళ్ల పెదాలు చూసి మాట పట్టుకుంటున్నాడు. “ఓనరుగారికి చెప్పెయ్యండి, మింగేస్తారా ఏంటి?” అని భార్య రోజూ పోరుతుంది. కౌంటరు పోతుందని అతని భయం.

పదకొండింటికి ఒక టీచరమ్మ వచ్చింది.

“బల్ల మీద పట్టే చిన్న స్పీకర్లు చూపించండి. బడికి.”

“దరువు మోగించే సబ్‌వూఫర్ పెట్టెతోనా, లేకుండానా?”

“ఆ పెట్టె ఎందుకండీ, కాళ్లకి అడ్డం!”

“ఇంతకీ వినేదెవరమ్మా?”

ఆవిడ తటపటాయించింది. “వినబడని పిల్లలండి. డాన్సు నేర్పుతాను. నన్ను చూసి చక్కగా చేస్తారు. నేను పక్కకి తప్పుకుంటే చాలు, తాళం తప్పుతారు.”

అతను సరుకు వచ్చిన చెక్కపెట్టె మూత తెచ్చి నేల మీద పరిచాడు. దాని మీద చిన్న స్పీకర్లు పెట్టి పాట వేశాడు.

“చెప్పులు విప్పి నిలబడండి. ఏమన్నా తెలుస్తోందా?”

“లేదండి.”

ఈసారి సబ్‌వూఫర్ పెట్టాడు. దరువు దరువుకీ చెక్క ఆవిడ అరికాళ్లను తట్టింది. ఆవిడ మొహం విప్పారింది.

“మీకెలా తట్టిందండీ ఇది?”

అతను గొంతు సవరించుకున్నాడు. ఓనరు రెండడుగుల దూరంలోనే ఉన్నాడు. ఇక దాచబుద్ధి కాలేదు.

“నాకూ సరిగా వినబడదమ్మా. ఏడాదిగా నేను వింటున్నదీ ఇలాగే.”

ఓనరు వచ్చి అతనికి ఎదురుగా నిలబడ్డాడు.

“నాకు తెలీదనుకున్నావా? నీతో ఏం చెప్పాలన్నా ఇలా ఎదురుగా వచ్చి చెబుతున్నది ఎందుకనుకున్నావ్?”

మామయ్య సబ్‌వూఫర్ సెట్టును అట్టపెట్టెలో సర్ది, తాడు కట్టి ఇచ్చాడు. ఆ మధ్యాహ్నం చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు.

నాలుగింటికి టీచరమ్మ ఆయాసపడుతూ మళ్లీ వచ్చింది.

“పిల్లలు పెట్టె మీంచి చేతులు తీస్తే ఒట్టండి! హాలంతా చెక్కనేల వేయిద్దామంటున్నారు మా పెద్దమేడం. ఆ నేలా, స్పీకర్లూ చూసుకోడానికి మనిషి కావాలి. ఉద్యోగంగానే. వస్తారా?”

అతను ఓనరు వైపు చూశాడు.

“నన్నేం చూస్తావ్? వెళ్లు” అన్నాడు ఓనరు. చివరి మాటకు తల పక్కకు తిప్పుకున్నాడు గానీ, మామయ్యకు అర్థమైంది.

టీచరమ్మా, అతనూ మాట్లాడుకుంటూ వీధిలోకి దిగారు. ఆవిడ తన పెదాలు అతనికి కనబడేలా వెనక్కి తిరిగి తిరిగి నడుస్తోంది.

కౌంటరు వెనక మేకుకు అతను విప్పి తగిలించిన నీలంకోటు వేలాడుతోంది. దాని ఒక చెయ్యి ఇంకా మోచేతి దాకా మడిచే ఉంది.