మైకు మార్చారు

మా ఇల్లు బస్టాండు వెనకే. మా ఆయన అక్కడ అనౌన్సరు. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో ఆయన చెబుతుంటే రోజంతా వంటింట్లో నేనూ వింటుంటాను, ఎక్కేది లేకపోయినా.

ఆయనకి జ్ఞానదంతం దగ్గర చిగురు వాచింది. వెనకాలే గొంతు నొప్పి.

"పంటికో డాక్టరు, గొంతుకో డాక్టరు. ఇద్దరి చుట్టూ తిరగడానికి నాకు సెలవెక్కడిదోయ్!" అన్నారు.

రెండూ ఒకటే జబ్బేమోనని నాకూ తట్టలేదు. అత్తయ్య ఉప్పునీళ్ళు పుక్కిలించమంది. ఆయన నొప్పి బిళ్ళలు మింగారు. నొప్పి తగ్గింది. వాపు మాత్రం చడీచప్పుడూ లేకుండా గడ్డం కిందికి దిగింది.

ఆ ఉదయం స్పీకర్లో గొంతు తేడాగా వచ్చింది, వేడి ముద్ద నోట్లో పెట్టుకుని మాట్లాడుతున్నట్టు. మధ్యలో ఆగింది. ఎవరో మైకుని టకటకా కొట్టారు. మళ్ళీ అదే గొంతు, ఇంకా ముద్దగా.

"మైకు పాడైనట్టుందే," అంది అత్తయ్య.

పొయ్యి కట్టేసి పరిగెత్తాను.

అనౌన్సరు గదిలో మెకానిక్ బల్లెక్కి వైర్లు పీకుతున్నాడు. "మైకు మార్చేశాను వదినా! అయినా అన్నయ్య మాట తేలడంలేదు. ఇక స్పీకరే మార్చాలి."

"నువ్వు ముందు దిగి ఆటో పిలు, నాయనా."

మా ఆయన కుర్చీ అంచున ముందుకు వంగి కూర్చున్నారు. ఉమ్మి మింగలేక రుమాలు తడిపేశారు. నోరు వేలు పట్టేంత కూడా తెరుచుకోలేదు. గడ్డం కింద తాకితే చెక్కలా ఉంది.

ఆసుపత్రిలో నర్సు మంచం మీద పడుకోబెట్టబోయింది. డాక్టరమ్మ అరిచింది. "వద్దు! పడుకుంటే ఊపిరాడదు!"

నన్ను బయటికి తీసుకొచ్చి చెప్పింది. "పంటి దగ్గర పుట్టిన చీము మెడలోకి దిగిందమ్మా. నాలుకని పైకి నెట్టేస్తోంది. గొంతు నొప్పీ దానివల్లే. ముందు ఊపిరికి గొట్టం వెయ్యాలి. ఆ తర్వాతే చీము తీయడం, నరంలోకి మందులు. పన్ను సంగతి చివర్న."

"ప్రాణానికేం భయం లేదుగా?"

"గొట్టం దిగనివ్వండి."

ఆవిడ నడుచుకుంటూ లోపలికెళ్ళింది. మెకానిక్ నా పక్కన నిలబడి చేతిలో స్క్రూడ్రైవరు తిప్పుతున్నాడు. "నాకు తెలీలేదు వదినా." "మాకు మాత్రం తెలిసిందా," అన్నాను.

తలుపు తెరుచుకుని డాక్టరమ్మ బయటికొచ్చింది.

"గొట్టం నోట్లోంచి దిగడంలేదు. మెడ దగ్గర కోసి పెట్టాలి. మీరు సరేనంటే..."

"కొయ్యండి" అనే మాట నా నోట్లో ఉండగానే ఆవిడ వెనక్కి తిరిగింది. ఈసారి పరిగెత్తింది.