తొలి ఫూల్ కాయ

కెలిబియా ఊళ్లో చలికాలమంటే పేరుకే చలికాలం. సముద్రం పక్కనే ఉంటే ఇక మంచు పడేదెక్కడ? వేసవంతా మాడి బోడిగా పడుండే మోంజియా పెరడు వానలు మొదలవగానే లేచి కూర్చుంటుంది. పాలకూర, ముల్లంగి, బఠానీ, వాటి పక్కనే ఆవిడ ప్రాణాలన్నీ పెట్టుకున్న ఫూల్ చిక్కుళ్లు. పొద్దున్నే ఆకుల అడుగున నత్తల్ని ఏరి కోళ్లకు వేస్తూ, ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి మరీ తిట్టేది.

ఆ ఇంట్లో ఒక రివాజు ఉంది. ఫూల్ తొలి కాయ ఒలిచి, పచ్చి గింజల మీద ఇంత ఉప్పు, ఇంత జీలకర్ర పొడి చల్లి, ఇంట్లో అందరికన్నా చిన్నవాడి నోట్లో పెట్టాలి. ఈ ఏడు ఆ చిన్నవాడు మనవడు ఇల్యాస్. కూతురు సల్వా మూడేళ్ల కొడుకుతో సెలవులకు వచ్చింది.

"తిను నాయనా. అమ్మమ్మ పెరట్లోది, బజార్లో చచ్చినా దొరకదు."

వాడు మూతంతా పచ్చగా చేసుకుని ఇంకా కావాలన్నాడు. అడిగితే కాదనే రకమా మోంజియా? ఒళ్లో కాయలు అయిపోయేదాకా ఒలుస్తూనే ఉంది. ఆ కేరింతలకు గోడకు అటువైపు ఎవరో గబగబా లోపలికి వెళ్లి తలుపేసుకున్న చప్పుడైంది. మోంజియా మూతి ముడుచుకుంది.

అది ఆడపడుచు షెద్లియా. ముప్పై ఏళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. అప్పట్లో సల్వా ఇంకా పుట్టలేదు. మోంజియాకు నాదిర్ అని ఒక్కగానొక్క కొడుకు. షెద్లియా పెళ్లీడు పిల్ల. ఒక చలికాలం వాణ్ని ఎత్తుకుని, "ఎంత ముద్దొస్తున్నాడు వదినా" అంది. అని ఊరుకుంది. తబర్కల్లా అనలేదు. పిల్లల్ని మెచ్చుకుని ఆ దేవుడి మాట అనకపోతే దిష్టి తగులుతుందని ఊళ్లో ఎవరికి తెలియదు? రెండు రోజులు తిరక్కుండానే పిల్లవాడు పచ్చబడి కన్నుమూశాడు. ఆ తర్వాత షెద్లియా వచ్చిన సంబంధాలన్నీ తిప్పికొట్టి ఒంటిగా ఉండిపోయింది. ఒళ్లంతా పొగరని మోంజియా ఊరంతా చెప్పింది.

కాయలు తిన్న మర్నాడు ఇల్యాస్ ఆడలేదు, నవ్వలేదు. ఆ మరుసటి పొద్దున వాడి పెదాలు పాలిపోయి, కళ్లు పసుపు తిరిగి ఉన్నాయి. ఉచ్చ పోస్తే నల్ల టీ డికాక్షన్‌లా ఉంది. అదే రంగు. నాదిర్‌కు వచ్చింది సరిగ్గా అదే రంగు.

సల్వా కారు కోసం వీధిలోకి పరిగెత్తితే, మోంజియా గోడ దగ్గరికి పరిగెత్తింది.

"చల్లారిందా షెద్లియా నీ కడుపు? ఒకణ్ని మింగావు, చాల్లేదా నీ కళ్లకి?"

అటువైపు టర్నిప్ మడిలో వంగి ఉన్న షెద్లియా లేచింది గానీ ఇటు తిరగలేదు.

"నేను వాణ్ని చూళ్లేదు వదినా. గొంతు వినపడగానే లోపలికెళ్లిపోయా. నేనే పిల్లల్నీ చూడను."

మోంజియా ఒక్క ముక్క నమ్మలేదు.

ఆసుపత్రిలో ఒక పడుచు డాక్టరమ్మ పిల్లవాడి కనురెప్ప కిందికి లాగి చూసి, అడిగిన మొదటి మాటే, "పచ్చి ఫూల్ ఏమన్నా తిన్నాడా?" అని.

"నేనే పెట్టానమ్మా. మా పెరట్లోవే, పురుగుమందు చుక్క కూడా కొట్టనివి."

"మందు సంగతి కాదు. కొందరి ఒంటికి ఆ గింజ పడదు, రక్తం విరిగిపోతుంది. మగపిల్లలకి తల్లి నుంచి వస్తుంది. ఆ తల్లికి వాళ్లమ్మ నుంచి రావచ్చు. మీ ఇంట్లో ఇదివరకు ఏ మగపిల్లాడన్నా ఇలా పచ్చబడ్డాడా?"

సల్వా తల్లి వైపు చూసింది. మోంజియా తన చేతుల వంక చూసుకుంది. ఆ చలికాలం, ఆ తొలి కాయ, ఉప్పు, జీలకర్ర. నోరు తెరుచుకుని ఒళ్లో కూర్చున్న నాదిర్. షెద్లియా వాణ్ని ఎత్తుకుని ముద్దు చేసింది ఆ తర్వాతే కదా. మోంజియా అక్కడే నేల మీద కూలబడింది. గోళ్ల కింద ఇంకా ఆ కాయల పసరు ఉంది. కొంగుతో ఎంత తుడిచినా పోలేదు.

రక్తం ఎక్కించారు. ఇల్యాస్ బతికాడు. ఇంటికి వచ్చిన రోజే మోంజియా వాణ్ని చంకనేసుకుని, ముప్పై ఏళ్లుగా తొక్కని గడప ముందు నిలబడింది.

తలుపు తీసిన షెద్లియా పిల్లవాణ్ని చూడగానే శాలువా ముఖం మీదికి లాగేసుకుంది.

"తీసుకెళ్లు వదినా, నీకు దణ్ణం పెడతా."

"నీ కళ్లు కాదే. నా కాయలు. నాదిర్‌కీ నేనే పెట్టాను, వీడికీ నేనే పెట్టాను. డాక్టరమ్మ చెప్పింది. నీ తప్పు ఆవగింజంత కూడా లేదు."

షెద్లియా శాలువా దించకుండానే అడిగింది.

"నా వల్ల కాదా?"

"కాదు."

"నాకు పిల్లలు పుడితే, నేను చూస్తే చాలు పోతారనుకున్నా. అందుకే పెళ్లి వద్దన్నా, వదినా."

మోంజియా మనవణ్ని తీసి షెద్లియా చేతుల్లో పెట్టేసింది. చేతులు నిండిపోయాక శాలువా పట్టుకోవడానికి వీలు లేకపోయింది. అది జారింది. షెద్లియా వాడి ముఖంలోకి చూసింది.

"తబర్కల్లా" అంది వెంటనే. ఇంకా భయం పోక మళ్లీ అంది, మళ్లీ అంది.