దుబాసీ ఏ ఇంటివాడు

బావి అడుగు పొర ఎప్పుడూ మొండిది. పై బురద పారకు లొంగుతుంది గాని, దాని కింద ఏళ్ళ తరబడి గట్టిపడిన ఒండ్రు గోళ్ళతో గీకితే తప్ప రాదు. మిఫ్తా మోకాళ్ళ మీద కూర్చుని గీకుతున్నాడు. యాభై ఏళ్ళ మనిషి, సన్నటి భుజాలు, మెడ వెనక తాడు ఒరిసి ఒరిసి కాయ కాచిన చారిక. గోళ్ళ చుట్టూ చర్మం పగిలి, పగుళ్ళలో తెల్లమట్టి ఇంకిపోయింది, ఎంత కడిగినా వదలదు. తట్ట నిండగానే తాడు కుదిపాడు. పైన సఫ్రానీ వంశం మనుషులు లాక్కున్నారు.

వానలకు ముందు ఈ కొండ మీది బావులన్నిటిలోనూ పూడిక తీసేది అతనే. సఫ్రానీల బావి, గుబైర్ల బావి, చిన్నా చితకా వంశాలవి ఇంకా ఎన్నో. ఇక్కడ బావి అంటే వట్టి నీళ్ళ గుంట కాదు. ఏ బావిలో చేద వేసే హక్కుంటే ఆ వంశంవాడన్నమాట. మిఫ్తాకి ఏ బావిలోనూ హక్కు లేదు. అన్నిటి అడుగూ చూసినవాడు, అడిగితే గాని ఒక్కదానిలో గుక్కెడు నీళ్ళు తాగలేడు.

ఇవాళ పని చేయవలసిన రోజు కాదు. మొన్న తెల్లవారుజామున మంచులో, గడ్డి లారీ నడుపుతున్న అతని కొడుకు జుమా, గొర్రెల మందను రోడ్డు దాటిస్తున్న గుబైర్ల కుర్రాడు యూనిస్‌ని గుద్దేశాడు. యూనిస్ అక్కడే పోయాడు. జుమా పారిపోలేదు, శవాన్ని ఒళ్ళో పెట్టుకుని రోడ్డు మీదే కూర్చున్నాడు. పోలీసులు తీసుకెళ్ళి ఠాణాలో పెట్టారు. పెడితే మాత్రం ఏం లాభం? ఠాణా తలుపు ఏదో ఒకనాడు తెరుస్తారు, తెరిచిన నాడు ఎదురుగా గుబైర్ల తుపాకీ ఉంటుంది. దర్గా పెద్దమనిషి ఒకాయన కాళ్ళావేళ్ళా పడి మూడు రోజులు గడువు తెచ్చాడు. ఈ పొద్దు గుంకితే గడువు తీరిపోతుంది.

ఆలోగా మిఫ్తా రక్తసంబంధీకులు తలపాగాలు తీసి మెడలో వేసుకుని, గుబైర్లు పరామర్శలకు వేసిన చావు డేరాకు నడిచి వెళ్ళి రాజీ అడగాలి. నలభైమంది వస్తే మాట వింటారు. నలుగురొస్తే కనీసం కూర్చోబెడతారు. ఒక్కడే వస్తే, వాడికి వెనకా ముందూ ఎవరూ లేరని, కొడితే అడిగేవాడు లేడని తేలిపోతుంది.

మిఫ్తా ఒక్కడే. అతని తండ్రి దుబాసీ రజబ్. ఇటలీవాళ్ళ కాలంలో, ముళ్ళకంచె శిబిరంలో వాళ్ళ మాట వీళ్ళకూ వీళ్ళ మాట వాళ్ళకూ చెప్పినవాడు. ఏ వంశంవాడో ఎవరికీ తెలియదు. చిన్నప్పుడు మిఫ్తా అడిగితే, "ఇద్దరి మాటలూ మోసేవాణ్ణి, నాకు సొంత మాటెక్కడిదిరా?" అని నవ్వేవాడు. మిఫ్తాకి మీసాలు రాకముందే జ్వరమొచ్చి పోయాడు. సఫ్రానీల రజబ్ అని గుబైర్లు అనేవాళ్ళు. ఎడారి అవతలనుంచి వచ్చినవాడని సఫ్రానీలు అనేవాళ్ళు. ఎడారివాళ్ళేమో, కాదు, సముద్రం అవతల మస్సావానుంచి ఓడలో దిగాడనేవాళ్ళు. పేరున్నవాడికి ఊరంతా చుట్టాలే. చెడ్డపేరున్నవాణ్ణి మాత్రం ప్రతివాడూ పక్కింటి గుమ్మంలోకి తోసేస్తాడు.

ఉన్న మాటల్లో సఫ్రానీ అన్నదే కాస్త దగ్గరగా ఉందని మిఫ్తా మొన్ననే వాళ్ళ పెద్ద హాజీ బూజైద్ దగ్గరికి పరిగెత్తాడు. హాజీ గోడ మీద పిల్లి. అవుననలేదు, కాదనలేదు. "ముందు బావి పని కానియ్. మావాళ్ళతో మాట్లాడి చెప్తా" అన్నాడు. అందుకే మిఫ్తా ఒండ్రు గీకుతున్నాడు.

చివరి తట్ట పైకి వెళ్ళాక అతనూ తాడు పట్టుకుని ఎక్కాడు. హాజీ గట్టు మీద టీ కాచుకుంటున్నాడు. గ్లాసు అందించి, బావిలోకి వంగి చూసి, బాగుందన్నట్టు తలాడించాడు.

"మావాళ్ళు ఒప్పుకోలేదు నాయనా" అన్నాడు.

ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదే. మిఫ్తా గ్లాసు కింద పెట్టాడు.

"నలుగురు చాలు హాజీ. మీరొక్కరొచ్చినా చాలు. మావాడే అని ఒక్క మాట అనండి."

"అంటే ఏమవుతుందో తెలుసా? దుబాసీగాడు మావాడేనని ఊరంతటి ముందూ ఒప్పుకున్నట్టవుతుంది. నా మనవలకు పిల్లనెవడిస్తాడు?"

"నా కొడుకు చచ్చిపోతాడు హాజీ."

బూజైద్ గడ్డం గోక్కున్నాడు. జాలిపడ్డాడో, మిఫ్తా తొందరగా వెళ్ళిపోతే బాగుండుననుకున్నాడో. "రజబ్ మావాడన్నది గుబైర్లు పుట్టించిన మాట" అన్నాడు మెల్లగా. "ఆ పుణ్యాత్ములకి మామీద అంత ప్రేమ ఎందుకు పుట్టుకొచ్చిందో వాళ్ళ ముసల్దాన్ని అడుగు, గజాలాని. ఇంకా ఊపిరుంటే చెప్తుంది."

గజాలా డేరా గుబైర్ల నేలకు ఈ చివర, మల్బరీ తోపు దాటాక ఉంది. మిఫ్తా గాడిదని అటు తోలాడు. గడువు ఉన్నంతవరకు ఎవరూ అతన్ని తాకరు. దారిలో ఎదురైన ఇద్దరు గుబైర్ యువకులు పలకరించలేదు, ఉమ్మి వేసి తప్పుకున్నారు.

ముసలామె మేకవెంట్రుకల చాప మీద పడుకుని ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా ఈలలా సన్నని చప్పుడు. లోపలికి వంగిన మిఫ్తాని చాలాసేపు చూసింది. ముఖం కాదు, చెవి చూసింది.

"తిన్నావా?" అంది.

"లేదమ్మా."

"ఆ చెవి మా అయ్యది. అలాగే బయటికి పొడుచుకొచ్చి ఉండేది. నువ్వు మా బావిలో దిగినప్పుడల్లా చూసేదాన్ని. చూసి లోపలికెళ్ళిపోయేదాన్ని. ఎందుకొచ్చావో తెలుసు, కూర్చో."

అతను కూర్చోలేదు. 

"రజబ్ నా తమ్ముడు" అంది గజాలా. "లామీన్ వాళ్ళ నాయన, నేను, రజబ్. ముగ్గురం ఒక్క తల్లి పిల్లలం. కరువొచ్చిన ఏడు మా అయ్య వాణ్ణి బెంఘాజీ తీసికెళ్ళి ఇటలీవాడి రొట్టెల బట్టీలో వదిలేశాడు. పదేళ్ళ పిల్లాడు. అక్కడైతే ఒక నోరు నిండుతుందని. మళ్ళీ వాణ్ణి చూసింది ఇటలీవాళ్ళు మమ్మల్నందరినీ తోలిన శిబిరంలోనే. కంచె అవతల, వాళ్ళ టోపీ పెట్టుకుని."

లామీన్ అంటే చనిపోయిన యూనిస్ తండ్రి. 

"ఇటలీ సిపాయిని కాల్చాడని పట్టుకొచ్చిన ఒకణ్ణి విచారించారు. 'నేనే కాల్చా, వదిలితే మళ్ళీ కాలుస్తా' అన్నాడు ఆ మొండాడు. మేమందరం రజబ్ నోటివంక చూశాం, ఏదో ఒక అబద్ధమాడి కాపాడతాడని. వాడు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. మర్నాడు ఉరి తీశారు."

"ఎందుకు చెప్పాడు?"

"భయం నాయనా. పక్కనే ఇంకో దుబాసీ నిలబడి వింటున్నాడు. మాట మారిస్తే వీణ్ణీ అదే తాడుకి కడతారు. ఆ రాత్రినుంచి కంచె కిందనుంచి నాకు రొట్టె తోసేవాడు. ఏమీ మాట్లాడేవాడు కాదు. నా మగపిల్లలిద్దరూ అప్పటికే పోయారు. ఆ రొట్టె తినే నా కూతురు బతికింది. తర్వాత ఉరిపడ్డవాడి మనుషులు పగతో, ఆ దుబాసీ ఎవరివాడని ఇంటింటికీ తిరిగారు. మా ఇంటికొచ్చినప్పుడు అందరం ప్రమాణం చేశాం, మావాడు కాడు, సఫ్రానీ అని. ఆ రొట్టె తిన్న నోటితోనే చేశాను."

మిఫ్తాకి కోపం రావాలి. యాభై ఏళ్ళు ప్రతి బావి దగ్గరా చేతులు కట్టుకుని నీళ్ళడిగాడు, చేద వేయగల హక్కు తనకుండగా. కోపం వచ్చింది కూడా. కానీ దాని వెనకే ఇంకో సంగతి తట్టింది.

"అయితే యూనిస్..."

"నీ అన్న కొడుకు."

మిఫ్తా కూలబడ్డాడు. ఇంతవరకు ఆ కుర్రాడు అతనికి ఒక గండం మాత్రమే, దాన్నెలా దాటాలా అన్నదే ఆలోచన. ఇప్పుడు వాడు ఇంట్లో పిల్లవాడు. కిందటేడు బావి గట్టు మీద కూర్చుని, "బాబాయ్, లోపల జిన్నులున్నాయా?" అని వెక్కిరించింది వాడే. ఎవరినైనా అలాగే పిలిచేవాడు. మిఫ్తా మట్టి చేతుల్లో ముఖం దాచుకుని, మొన్నటినుంచి ఏడవని ఏడుపంతా ఏడ్చాడు. ముసలామె ఆపలేదు.

"ఏడుపయ్యాక లే" అంది చివరికి. "సొంత రక్తాన్ని ఎవరూ రక్తం అడగరు. కుడిచెయ్యి ఎడమచేతిని నరుకుతుందా? నువ్వు మావాడివని లామీన్ ఒప్పుకుంటే తుపాకీ దించక తప్పదు."

"ఒప్పుకుంటాడా?"

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. అందుకే ఇన్నాళ్ళూ ఎవరం చించుకోలేదు. నన్ను గాడిద మీద కూర్చోబెట్టు."

"నీకు జ్వరంగా ఉందమ్మా."

"అమ్మా ఏమిటి? అత్తని."

చావు డేరా ముందు గుబైర్ మగవాళ్ళు వరుసగా నిలబడి ఉన్నారు. పరామర్శకు వచ్చినవాళ్ళు ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుంటూ వరుస చివరిదాకా వెళ్ళి, లోపల కూర్చుంటున్నారు. మొదట లామీన్. అరవై ఏళ్ళవాడు, పొడగరి, ఈ మూడు రోజుల్లో వంగిపోయాడు. ఆ ఒక్క కొడుకే అతనికి. తోబుట్టువులు లేరు. మిగతా వరుసంతా దూరపు దాయాదులే.

గజాలా గాడిద దిగింది. మిఫ్తా మణికట్టు పట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా వరుస పొడవునా నడిపించింది. చివరి మనిషి పక్కన అతన్ని నిలబెట్టింది. పరామర్శించేవాళ్ళలో కాదు, పరామర్శ అందుకునేవాళ్ళలో.

గుసగుసలు మొదలయ్యాయి. లామీన్ తల తిప్పాడు. "అత్తా, ఒంట్లో బాగాలేదు నీకు. ఇంటికి పో."

"ఇదే ఇల్లు. వీడు రజబ్ కొడుకు. రజబ్ నా తమ్ముడు, నీ చిన్నాన్న. నీకూ తెలుసు, మీ నాయన చెప్పే పోయాడు. మేం చేసింది దొంగ ప్రమాణం. ఆ పాపం నేను మోసుకుపోతా. నువ్వు ఇంకో పాపం నెత్తికెత్తుకోకు."

"దుబాసీగాడు మనవాడా?" అని ఎవరో నవ్వారు. ఆ నవ్వుకు తోడు రాలేదు.

లామీన్ అవుననలేదు, పొమ్మనలేదు, నేల చూస్తూ నిలబడ్డాడు. ముసలామె తివాచీ అంచున చెప్పులు విడిచి డేరాలోకి వెళ్ళి, మగవాళ్ళ మధ్యే నడిమి గుంజకు చేరబడి కూర్చుంది. ఆ వయసులో ఆమెని ఎవరు లేపగలరు? వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు. మిఫ్తా ముందరి మనిషిదాకా చేతులు కలిపి, మిఫ్తా దగ్గరికొచ్చేసరికి లామీన్ వంక చూసి, పక్కకు తప్పుకుని లోపలికి పోతున్నారు. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంటే వరుసలోంచి తప్పుకున్నట్టవుతుంది. భుజం లాగేస్తున్నా అతను దించలేదు. పొద్దు తోపు మీదికి దిగుతోంది. కొడుకు ముఖం గుర్తు చేసుకుందామంటే లారీ చక్రాలే కళ్ళకు కట్టాయి.

గజాలాకి టీ ఇవ్వబోయినవాడు గ్లాసు పట్టుకుని కాసేపు వంగే ఉండిపోయాడు. తర్వాత లామీన్ దగ్గరికొచ్చి చెవిలో చెప్పాడు. ఆమె ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు. గుంజకు తల ఆనించి, పరామర్శకు వచ్చినవాళ్ళ వైపే తిరిగి ఉంది.

ఆడవాళ్ళు తీసుకెళ్ళి స్నానం చేయించి గుడ్డ చుట్టారు. చీకటి పడకముందే పూడ్చేయాలని పెద్దలన్నారు. యూనిస్ సమాధి పక్కనే గొయ్యి తవ్వారు. ఆడమనిషిని గోతిలో దించేది ఆమె రక్తం పంచుకున్న మగవాళ్ళే. లామీన్ దిగాడు. రెండో మనిషి చోటు ఖాళీగా ఉంది. బతికుంటే అది యూనిస్ చోటు. దాయాదులిద్దరు ముందుకొచ్చారు. లామీన్ చేత్తో వద్దన్నాడు.

వెనకాల దూరంగా నిలబడ్డ మిఫ్తా వైపు చూడకుండానే, "దిగు" అన్నాడు.

అందరూ విన్నారు. మిఫ్తా దిగాడు. పైనుంచి అందిస్తే ఇద్దరూ ఆమెను చేతుల మీద అందుకున్నారు. పొట్టు బస్తా అంత బరువు కూడా లేదు. పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టి, ముఖం మక్కా వైపు తిప్పి, వీపు జారకుండా మట్టిపెళ్ళ ఒకటి ఆనించారు. వంగి ఉన్నప్పుడు లామీన్ నోరు మిఫ్తా చెవి దగ్గరికొచ్చింది.

"రేపు ఠాణాకి రాజీ కబురు పంపిస్తా. వదులుతారు. వదలగానే వాడు ఈ కొండ దిగి పోవాలి. నేను బతికుండగా తిరిగి రాకూడదు. వాణ్ణి చూస్తే మాత్రం నా చెయ్యి ఆగదు."

మిఫ్తాకి ఉన్నది ఆ ఒక్క కొడుకే. భార్య పోయి ఎనిమిదేళ్ళు. వాడు బతుకుతాడు, ఎక్కడో. తను చచ్చినప్పుడు గోతిలోకి దించడానికి రాడు.

"అలాగే అన్నా" అన్నాడు.

"అన్నా అనకు" అన్నాడు లామీన్. మట్టిపెళ్ళని ఇంకోసారి ఒత్తాడు. "ఇవాళ్టికి అనకు."

మట్టి కప్పాక జనం డేరాకు తిరిగొచ్చారు. వరుస మళ్ళీ కట్టారు, ఈసారి ఇద్దరి చావుకి. మిఫ్తా చివర నిలబడ్డాడు. మొదట వచ్చినవాడు తటపటాయించి, చేతి వేళ్ళు మాత్రం తాకించాడు. రెండోవాడు చెయ్యి పట్టుకుని, "దేవుడు మీకు ఓర్పునిచ్చుగాక" అన్నాడు. బదులుగా ఏమనాలో మిఫ్తాకి తెలియలేదు. భార్య పోయినప్పుడు కూడా ఆ మాట ఎవరూ అతనితో అనలేదు.

చీకటి పడ్డాక జనం పలచబడ్డారు. తివాచీ అంచున విడిచిన చెప్పుల్లో ఎవరివి వాళ్ళు వెతుక్కుని తొడుక్కుపోయారు. ఆఖరికి, తీగతో కుట్టిన ఆడవాళ్ళ రబ్బరు చెప్పులు ఒక జత డేరా లోపలి వైపు తిరిగి అక్కడే ఉండిపోయాయి.