అయిదు పచ్చ పొట్లాలు

ఒంటిగంటా ఇరవైకి ఫోన్ మోగింది. అవతల కాంగ్ యీషెన్.

"మేస్త్రీ గారూ, మళ్లీ తెర నల్లబడింది. అయిదింటిలోపు వీడియో పంపకపోతే మా నాన్న ఆట ఆగిపోతుంది. వెంటనే రావాలి."

"మళ్లీ అంటే ఎన్నోసారి?"

"ఇవాళ మూడోసారి."

సగం తిన్న అన్నం డబ్బాకి మూత పెట్టి, సంచి భుజాన వేసుకుని స్కూటర్ తీశాను.

నా పేరు చుంగ్ యావ్‌తింగ్. హూవేయ్ ఊళ్లో చక్కెర మిల్లు వెనక ఇరవై రెండేళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. నా చీటీల పుస్తకంలో ప్రతి పనికీ మూడు గళ్లుంటాయి: లోపం, కారణం, సంతకం. కారణం గడి ఖాళీగా వదిలేసి నేను ఎవరి గుమ్మమూ దాటలేదు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. నేనే అందరికీ చెప్పాను.

యీషెన్ తండ్రి కాంగ్ హోతూ చేతిబొమ్మల ఆటగాడు. డెబ్బై రెండేళ్లు. ముందుగది గోడల నిండా బొమ్మలు తలకిందులుగా వేలాడుతుంటాయి. ఒక మూల ఆయన బొమ్మల తలలు చెక్కే పీట. ఇంకో మూల చెక్కపెట్టె మీద నిలువుగా నిలబెట్టిన కంప్యూటరు. మూడు నెలల కిందట దానిలో కొత్త గ్రాఫిక్స్ కార్డు బిగించింది నేనే.

వెళ్లేసరికి పెద్దాయన కుర్చీలో కూర్చుని దాన్ని రెప్ప వేయకుండా చూస్తున్నాడు. దొంగని పట్టుకుని పోలీసుల కోసం ఎదురుచూస్తున్నవాడిలా ఉన్నాడు.

"వచ్చావా మేస్త్రీ. కూర్చోకు. చూడు."

యీషెన్ గబగబా చెప్పింది. ఊరి గుడిలో దేవుడి పుట్టినరోజుకి మూడు రోజులు ముప్పై ఒక్క ఏళ్లుగా వాళ్ల ఆటే. ఈసారి గుడి కమిటీ వెనకాల పెద్ద తెర ఉండాలంది. తెర మీద కదిలే సముద్రం, నాగరాజు కోట, పిడుగులు. తెర వాళ్లు ఇవాళ అయిదు గంటలకి వీడియో సరిచూసుకుని వెళ్లిపోతారు. అందకపోతే ఆ మూడు రోజులూ లారీ మీద పాటలు పాడే బృందానికి ఇచ్చేస్తామని కార్యదర్శి త్సెంగ్ ముందే చెప్పాడు.

"బొమ్మలన్నీ నేనే గీశాను. అయిపోయాయి. మొత్తం కలిపి ఒక్క వీడియోగా తయారవడానికి నలభై మూడు నిమిషాలు పడుతుంది. పదకొండో నిమిషంలో చచ్చిపోతోంది. మళ్లీ మొదటినుంచీ మొదలెట్టాలి."

"ప్రతిసారీ పదకొండో నిమిషమేనా?"

"ఒకసారి పది."

టైము ఒకటీ నలభై. పనిలోకి దిగాను.

కంప్యూటరు నెత్తినున్న పచ్చ పొట్లాలని రెండు చేతులతో తీసి దేవుడి అరమీద పెట్టాను. కొబ్బరి వాసనేసే మొక్కజొన్న చిరుతిండి. బుద్ధిగా ఉండు అని దాని పేరుకి అర్థం. బ్యాంకులోనూ ఆసుపత్రిలోనూ నా షాపులోనూ ప్రతి యంత్రం నెత్తినా ఒకటుంటుంది. పచ్చదే ఉండాలి, గడువు దాటకూడదు. మిగతా రంగులు పెడితే యంత్రం మొరాయిస్తుంది. ఇది నమ్మకం అనుకునేవాళ్లు నా వృత్తిలో ఎవరూ లేరు. జాగ్రత్త అంటాం.

కంప్యూటరు పెట్టెని బల్ల మీద పడుకోబెట్టి పక్క తలుపు తీశాను. కార్డు ఊడదీసి, దాని బంగారు పళ్లని రబ్బరుతో రుద్ది, చెక్కపొడి బ్రష్షుతో దులిపి, మళ్లీ టక్కుమనేదాకా నొక్కాను. కార్డుని పరుగెత్తించే పరీక్ష పెట్టి పదిహేను నిమిషాలు చూశాను. తెర కంటిరెప్ప కూడా కొట్టలేదు. వేడి అరవై ఆరు డిగ్రీలు.

"కార్డు నిర్దోషి. సరిగ్గా కూర్చోలేదంతే" అన్నాను.

తలుపు బిగించి నిలబెట్టాను. పెద్దాయన పొట్లాలని ఒక్కొక్కటే తెచ్చి నెత్తిన సర్ది నమస్కారం పెట్టాడు. యీషెన్ మీట నొక్కింది.

పదకొండో నిమిషంలో లోపలి ఫ్యాన్లు కీచుమన్నాయి. తెర నల్లబడింది.

"నిర్దోషి అన్నావు" అన్నాడు పెద్దాయన.

"కార్డు నిర్దోషే పెద్దనాన్నా. దాన్ని నడిపే డ్రైవర్ ప్రోగ్రాము మీద అనుమానం."

"నీకు అందరి మీదా అనుమానమే. కమిటీవాళ్లలో చేరకపోయావా?"

పాత డ్రైవర్‌ని వేళ్లతో సహా పీకేసి, నిరుటి డ్రైవర్ ఎక్కించాను. పెట్టె ముట్టుకోవలసిన పని లేదు. మీట నొక్కాం. తొమ్మిదో నిమిషంలో పోయింది.

మూడు కావస్తోంది. యీషెన్ గోళ్లు కొరకడం మొదలెట్టింది. ఫోన్ మోగితే స్పీకర్ పెట్టింది.

"ఏమ్మా యీషెన్, నాగరాజు బయల్దేరాడా?" కార్యదర్శి త్సెంగ్ గొంతు. "ఇక్కడ పాటల లారీ వాళ్లు టీ తాగుతూ కూర్చున్నారు. అయిదు గంటలంటే అయిదు గంటలే."

పెద్దాయన ఫోన్ దగ్గరికి వంగాడు. "ఒరే త్సెంగ్, చిన్నప్పుడు నా ఆట చూస్తూ మూడుసార్లు లాగు తడుపుకున్నావు. అప్పుడు తెర లేదు."

త్సెంగ్ "అయిదు గంటలు బాబాయ్" అని పెట్టేశాడు.

మూడో అనుమానితుడు కరెంటు. కార్డుకి రెండు తీగలు వెళ్లాల్సిన చోట ఒకే తీగ రెండుగా చీలి వెళ్లింది. బరువు పెరిగితే కార్డు ఆకలితో పడిపోతుంది. పొట్లాలు దించాను. పెట్టె పడుకోబెట్టాను. రెండో తీగ వేశాను. పదిహేను నిమిషాల పరీక్ష. అరవై ఏడు డిగ్రీలు, పసిపాప నిద్ర.

"దొరికాడు" అన్నాను.

తలుపు బిగించాం. నిలబెట్టాం. పొట్లాలు, నమస్కారం, మీట. అప్పటికి మూడూ ముప్పై ఎనిమిది.

యీషెన్ పెసర పాయసం గిన్నెలు తెచ్చింది. నేను ఒక చెంచా తిన్నాను. పదో నిమిషంలో ఫ్యాన్లు కీచుమన్నాయి. పదకొండులో తెర నల్లబడింది.

పెద్దాయన గిన్నె కింద పెట్టి మెల్లగా అడిగాడు. "నువ్వు చూస్తున్నప్పుడు బాగుంటుంది. మేం చూస్తే చస్తుంది. మా మొహాలు నచ్చలేదా దానికి?"

నవ్వు రాలేదు. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. పడుకోబెడితే నడుస్తోంది. నిలబెడితే పడిపోతోంది. తలుపు తీసి ఉంటే చల్లగా ఉంటోంది, మూస్తే ఫ్యాన్లు ఏడుస్తున్నాయి. అంటే వేడి. ఇరవై రెండేళ్ల అనుభవం ఉన్నవాడికి ఇది రెండు గంటల కింద తట్టాలి.

ముందువైపు గాలి లోపలికి లాగుతోందో లేదో అరచెయ్యి పెట్టి చూశాను. లాగుతోంది. వేడిగాలి పైనున్న జాలీలోంచి పోవాలి. అక్కడ కూడా అరచెయ్యి పెట్టబోయాను.

నా చేతికి గాలి తగల్లేదు. పొట్లం తగిలింది. అప్పుడే దించిన కుండలా కాలుతోంది.

మొదటిసారి లెక్కపెట్టాను. ఒకటి కాదు, అయిదు. పక్కపక్కన, ఎక్కడా సందు లేకుండా, ఇంటికి పెంకులు కప్పినంత శ్రద్ధగా జాలీ మొత్తం కప్పేశారు. అంతకుముందు నాలుగుసార్లు నా కళ్ల ముందే ఉన్నాయి, రెండుసార్లు నా చేతులతోనే దించాను. దించాను కాబట్టే పరీక్షలన్నీ పాసయ్యాయి.

"పెద్దనాన్నా, నేను ఒకటే కదా పెట్టి వెళ్లాను?"

"ఒకటే పెట్టావు."

"మరి ఈ నాలుగు?"

పెద్దాయన నన్ను వింతగా చూశాడు. "నువ్వు చెప్తేనే. పోయిన వారం మొదటిసారి తెర నల్లబడితే నీకు ఫోన్ చేశాను. ఏమన్నావు?"

ఏమన్నానో నాకు గుర్తులేదు. తర్వాత గుర్తొచ్చింది. అప్పుడు ఎవరిదో హార్డ్ డిస్కు విప్పి ఉంది. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, పొట్లం పాతబడిందేమో, కొత్తది పెట్టి చూడండి అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఫోన్లో నవ్వు సరిగా వినపడదు.

"కొత్తది పెట్టాను. ఆ రోజు బాగా నడిచింది. పాతది కొలువులో ఉంది కదా, తీసేస్తే తప్పవుతుందని ఉంచాను. మళ్లీ నల్లబడింది. నీకెందుకు శ్రమ, వైద్యం తెలిసిందే కదా అని ఇంకోటి పెట్టాను. అలా నాలుగయ్యాయి."

నేను పెట్టిన మొదటిదే జాలీని కొంత మూసి ఉంటుంది. ప్రతిసారీ జబ్బు కాస్త ముదిరింది. ప్రతిసారీ మందు కాస్త పెంచాడు.

"ఇవి తీసేయాలి" అన్నాను. "గాలి పోయే దారి మూసేశాయి."

"తీయడానికి వీల్లేదు."

"నాన్నా!" అంది యీషెన్.

"నువ్వుండు అమ్మాయ్. పదిహేనేళ్ల కిందట పొట్లం లేకుండా ఆట మొదలెట్టాను. రెండో అంకంలో స్పీకర్ పేలింది, మంటలొచ్చాయి. జనం పిడుగు సీను అనుకుని చప్పట్లు కొట్టారు. అప్పుడు పెళ్లి సీను నడుస్తోంది." ఆయన నావైపు తిరిగాడు. "మేస్త్రీ, ఇప్పుడు ఎన్నిసార్లు మొదలెట్టడానికి టైముంది?"

"ఒక్కసారి."

"ఆ ఒక్కసారి దాని నెత్తిన ఏమీ లేకుండా నడుపుతావా? గుండె మీద చెయ్యేసుకుని చెప్పు, నీ షాపులో నడుపుతావా?"

చెయ్యి గుండె మీదికి వెళ్లింది. అక్కడే ఆగింది. నా షాపులో నేను నడపను.

నాలుగూ మూడు.

"పక్కన పెడితే?" అంది యీషెన్.

"పక్కన పెడితే పక్కవాడికి చెప్పినట్టు. నెత్తిన ఉండాలి."

"ఎంత ఎత్తునైనా ఫర్వాలేదా?" అన్నాను. "జానెడు పైన ఉంటే గాలి పోతుంది."

పెద్దాయన లేచాడు. గోడ మీంచి నల్లమొహం న్యాయాధికారి బొమ్మని దించి కుడిచేతికి తొడుక్కున్నాడు. అయిదు పొట్లాల్లో గడువు ఎక్కువ ఉన్నదాన్ని ఎంచి బొమ్మ రెండు చేతుల మధ్య ఇరికించాడు. కంప్యూటరు వెనక నిలబడి చెయ్యెత్తాడు. పొట్లం సరిగ్గా జాలీకి జానెడు పైన ఆగింది.

"నలభై మూడు నిమిషాలు, పెద్దనాన్నా."

"మా ఆటలో యుద్ధకాండ గంటా నలభై, చెయ్యి దించను. నొక్కమ్మా."

నాలుగూ అయిదుకి యీషెన్ నొక్కింది.

వేడిగాలి పైకి తన్ని పొట్లం రెపరెపలాడుతోంది. న్యాయాధికారి తల కూడా కొద్దిగా ఊగుతోంది, వాదనలు వింటున్నట్టు. తెర మూలన డిగ్రీలు పెట్టుకుని నేను అవే చూస్తున్నాను. డెబ్బై. డెబ్బై నాలుగు. పదో నిమిషం. యీషెన్ కళ్లు మూసుకుంది. పదకొండు. డెబ్బై అయిదు. పన్నెండు.

"దాటిందా?" అంది కళ్లు తెరవకుండానే.

"దాటింది."

ఇరవై ఎనిమిదో నిమిషంలో పెద్దాయన మోచెయ్యి వణకడం మొదలెట్టింది. నేను లేచాను.

"నేను పట్టుకుంటాను, ఇలా ఇవ్వండి."

"నీ చెయ్యి చూశాను. స్క్రూలు తిప్పే చెయ్యి. అమ్మాయ్, ఆ రాణిని ఇటు అందించు."

యీషెన్ రాణి బొమ్మని ఆయన ఎడమచేతికి తొడిగింది. రాణి జాలీ మీదికి వచ్చింది, వంగి నమస్కరించింది, న్యాయాధికారి చేతుల్లోంచి పొట్లాన్ని అందుకుంది. అంగుళం కూడా దిగలేదు. న్యాయాధికారి తప్పుకుని వెనక్కి వాలాడు. కుడిచేతిని దులుపుకుంటూ పెద్దాయన నా వైపు చూశాడు. మెచ్చుకోవాలని అర్థమైంది. మెచ్చుకున్నాను.

నాలుగూ నలభై ఎనిమిదికి తెర మీద సముద్రం కదిలింది. వీడియో తయారైంది. పంపడానికి ఏడు నిమిషాలు పట్టింది. ఆ ఏడు నిమిషాలూ రాణి అక్కడే ఉంది. నాలుగూ యాభై ఏడుకి ఫోన్ మోగింది.

"వచ్చింది బాబాయ్. తెర వాళ్లు బాగుందన్నారు. మూడు రోజులూ మీవే." అన్నాడు త్సెంగ్. "లారీ వాళ్లు టీ డబ్బాలు అక్కడే వదిలేసి వెళ్లిపోయారు."

అప్పుడు పెద్దాయన చెయ్యి దించాడు. దించాక చాలాసేపు ఆ చెయ్యి ముడవలేకపోయాడు. యీషెన్ ఆయన భుజానికి తైలం రాస్తూ, కొత్తగా ఒకే ఒక్క పొట్లాన్ని జాలీకి దూరంగా, పెట్టె ముందు అంచు మీద ఎక్కడ నిలబెట్టాలో నన్ను అడిగింది. చూపించాను. నెత్తే కదా అని పెద్దాయన కూడా ఒప్పుకున్నాడు. మిగతావాటి కొలువు ముగిసినట్టేనని ఒకటి విప్పి ముగ్గురం తిన్నాం. ఇంకా వేడిగా ఉంది. ఎప్పుడూ అంత రుచిగా తినలేదు, కానీ అక్కడ చెప్పలేదు.

సంచి సర్దుకుని చీటీల పుస్తకం తీశాను. లోపం గడిలో, కార్డు వేడెక్కి తెర నల్లబడటం అని రాశాను. కారణం గడి దగ్గర కలం ఆగింది. పచ్చ పొట్లాలు అని రాయబోయాను.

పెద్దాయన భుజం మీంచి వంగి చూశాడు.

"పొట్లం అని రాయకు. అది విని నొచ్చుకుంటుంది, రేపు మళ్లీ మొరాయిస్తుంది."

"మరి ఏం రాయను?"

"ఉన్నది రాయి. మేస్త్రీ అని."

కారణం గడి ఖాళీగా వదిలి నేను ఎవరి గుమ్మమూ దాటలేదు. రాశాను. ఆయన ఇంకా తిమ్మిరి వదలని కుడిచేత్తో వంకరగా సంతకం చేశాడు.